నింజా గైడెన్ ఆడాలనుందా? ముందు ఏ వెర్షనో తేల్చుకోండి

ర్యూ హయబుసా అనే నింజాతో కత్తియుద్ధాలు చేయించే వీడియో గేముల వరస నింజా గైడెన్. అందులో బ్లాక్, సిగ్మా, సిగ్మా 2, రేజర్స్ ఎడ్జ్, 2 బ్లాక్. స్టోర్‌లో ఈ పేర్లన్నీ వరసగా చూసి ఐదు వేర్వేరు గేములనుకుంటే పొరపాటు. కథ లెక్కన చూస్తే ఇవి మూడే. అలాగని మూడే అనుకున్నా పొరపాటే, ఎందుకంటే కంట్రోలర్ పట్టుకున్న చేతికి దేనికదే వేరు గేము. పాత గేముకి కొత్త రంగులు వేసి మళ్లీ వదిలారనుకుని కొంటే కంగు తింటారు. శత్రువులు ఎంతమంది వస్తారు, ఎన్ని దెబ్బలకు పోతారు, రక్తం కనిపిస్తుందా లేదా అన్నవి కూడా వెర్షన్‌ని బట్టి మారిపోయాయి.

అందుకే "నింజా గేము ఏదైనా మంచిది చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను గ్రాఫిక్స్ జోలికి పోను. ఎలా ఓడిపోతే నీకు ఒళ్లు మండదో చెప్పు అంటాను. ఈ గేముల్లో చావు అందరికీ రాసిపెట్టి ఉంటుంది. ఒకే ఒక్క బాస్, అంటే దారి చివర కాచుకుని ఉండే పెద్ద శత్రువు, ఎదురుగా నిలబడి మన ఆట కట్టిస్తే కొందరికి పట్టుదల పెరుగుతుంది. పదిమంది ఒకేసారి మీద పడితే కొందరికి హుషారు, ఇంకొందరికి చిరాకు. గోతిలో పడి చస్తే మాత్రం చాలామంది కంట్రోలర్ పక్కన పెట్టేస్తారు. మీరు వీటిలో ఏ రకమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మొదటి గేము: బ్లాకా, సిగ్మానా?

2004లో మొదటి ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన నింజా గైడెన్‌కి దర్శకుడు టొమోనోబు ఇటగాకి. టెక్మో కంపెనీలోని టీమ్ నింజాకి అప్పట్లో ఆయనే పెద్ద దిక్కు. ఆ ఏడాదే హరికేన్ ప్యాక్‌ల పేరుతో ఆన్‌లైన్‌లో కొన్ని మార్పులు వదిలారు. వాటిని కూడా కలుపుకుని, మిషన్ మోడ్ చేర్చి, 2005లో తెచ్చిందే నింజా గైడెన్ బ్లాక్. తర్వాత 2007లో యోసుకే హయాషి చేతుల మీదుగా ప్లేస్టేషన్ 3కి వచ్చిన రూపం సిగ్మా.

ఈ మొదటి గేము అసలు స్వభావం మొదటి అధ్యాయం చివర్లోనే తెలిసిపోతుంది. మురై అనే బాస్ నుంచాకులు (గొలుసుతో కలిపిన జంట కర్రలు) తిప్పుతూ ఎదురొస్తాడు. అప్పటిదాకా బటన్లు ఎడాపెడా నొక్కి నెట్టుకొచ్చినవాళ్లందరికీ అక్కడ బ్రేక్ పడుతుంది. గార్డు పట్టుకోవాలి, అంటే కత్తి అడ్డుపెట్టాలి, అతని దెబ్బలు అయిపోయేదాకా ఓపిక పట్టాలి, ఆ సందులో రెండు దెబ్బలేసి మళ్లీ పక్కకు దొర్లాలి. నాకు ఒక సాయంత్రం మొత్తం ఇతనితోనే గడిచిపోయింది. మామూలుగా గేములు మొదటి బాస్‌ని పరిచయం కోసం పెడతాయి, ఇది మాత్రం ఎంట్రన్స్ పరీక్షలా పెట్టింది. ఇక్కడ నేర్చుకున్న పాఠమే మిగతా గేమంతా పనికొస్తుంది కాబట్టి, చచ్చినట్టు నేర్చుకోవాల్సిందే.

మరి రెండింటికీ తేడా ఏంటి? సిగ్మాలో రేచల్ అనే పాత్రతో ఆడే అధ్యాయాలు కలిపారు, జంట కత్తుల ఆయుధం ఇచ్చారు, పజిళ్లు కొన్ని తగ్గించారు, ఆయుధాలు అమ్మే మురమాస కొట్లను దగ్గర దగ్గరగా పెట్టారు. జంట కత్తులు నిజంగా బాగుంటాయి. రేచల్ అధ్యాయాల గురించి అంత మంచిమాట చెప్పలేను. ర్యూ హయబుసా వేగానికి అలవాటుపడ్డ వేళ్లకి బరువైన సుత్తి తగిలించినట్టుంటుంది, కథ కూడా అక్కడ నత్తనడక నడుస్తుంది. బ్లాక్‌లో ఇలాంటి అడ్డు ఉండదు. మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపు.

నా తీర్పు సూటిగా చెప్తాను. మీ దగ్గర ఎక్స్‌బాక్స్ వన్ గానీ సిరీస్ కన్సోల్ గానీ ఉంటే వేరే ఆలోచనే వద్దు, బ్లాక్ ఆడండి. పాత గేములను కొత్త కన్సోల్ మీద నడిపే ఏర్పాటులో 2017లోనే దాన్ని చేర్చారు. మిగతావాళ్లకి సిగ్మా ఒక్కటే దారి. అదేమీ చిన్నతనం కాదు. బ్లాక్‌తో పక్కపక్కన పెట్టి చూస్తేనే లోపాలు కనిపిస్తాయి గానీ, విడిగా చూస్తే ఇప్పటికీ ఇంత కట్టుదిట్టంగా కత్తియుద్ధం కుదిరిన గేములు తక్కువ.

రెండోది: అసలు గొడవంతా ఇక్కడే

2008లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చిన నింజా గైడెన్ 2 మొదటిదానికి పూర్తిగా తలకిందులు. మొదటిది కొలిచి వడ్డించిన భోజనమైతే ఇది కుండ బద్దలుకొట్టి పోసిన పాయసం. శత్రువు చేయో కాలో తెగిపడుతుంది. తెగినవాడు ఊరుకోడు, చచ్చేముందు మనల్ని వాటేసుకుని పేలిపోవడానికి పాక్కుంటూ వస్తాడు. వాడి దగ్గరకెళ్లి సరైన సమయంలో హెవీ అటాక్ బటన్ నొక్కితే ర్యూ ఒకే కదలికలో వాడి కథ ముగిస్తాడు. ఈ ఒక్క ఆలోచన యుద్ధం తీరునే మార్చేసింది. గుంపులో ఎవడు కుంటుతున్నాడు, ఎవడు దూరంనుంచి పేలుడు షురికెన్ విసురుతున్నాడు, ఎవడి ప్రాణశక్తి ఉండలు నేలమీద తేలుతున్నాయి, ఇవన్నీ ఏకకాలంలో లెక్కేసుకోవాలి. ఆ ఉండలను పీల్చుకుంటే అల్టిమేట్ టెక్నిక్ అనే భారీ దాడి తక్షణం సిద్ధమవుతుంది. చుట్టూ ఐదుగురుండగా దాన్ని వదిలిన క్షణం మాత్రం, ఆహా.

అయితే అసలు వెర్షన్‌కి అవలక్షణాలూ ఎక్కువే. కెమెరా మన మాట వినదు. తెరమీద కనపడనివాడు రాకెట్ వదులుతాడు. పదో అధ్యాయంలో ఒక పొడవైన మెట్ల దారి ఉంటుంది. దానిమీద నింజాలు పుట్టలోంచి చీమల్లా వచ్చిపడతారు, ఎక్స్‌బాక్స్ 360 ఆ జనాన్ని మోయలేక నీళ్లలో నడిచినట్టు నెమ్మదించేది. దాన్ని తిట్టుకునేవాళ్లున్నారు, ఆ సీన్ కోసమే గేము మళ్లీ ఆడేవాళ్లూ ఉన్నారు. నేను రెండో రకం. ఈ గేము విడుదలైన 2008లోనే ఇటగాకి కంపెనీ వదిలి వెళ్లిపోయారు.

2009లో ప్లేస్టేషన్ 3కి వచ్చిన సిగ్మా 2 ఈ అల్లరినంతా సర్ది చక్కబెట్టింది. శత్రువుల సంఖ్య బాగా తగ్గించి, ఒక్కొక్కడి ప్రాణం పెంచారు. రక్తం బదులు ఊదారంగు పొగ పెట్టారు. కాళ్లూ చేతులూ తెగుతాయి గానీ ఆ తీవ్రత కనపడదు. రేచల్, మోమిజి, అయానే ఆడదగ్గ పాత్రలయ్యారు, ఇద్దరు కలిసి ఆన్‌లైన్‌లో ఆడే మిషన్లు చేర్చారు. చూడటానికి శుభ్రంగా, నడకలో సాఫీగా ఉంటుంది. కానీ అసలు వెర్షన్‌లో ప్రాణం మీదికొచ్చిన భయం ఇందులో లేదు. పులిహోరలో చింతపండు మానేసినట్టు.

తర్వాత 2025 జనవరి 23న, ఎవరికీ ముందస్తు కబురు లేకుండా, ఒక ప్రకటన కార్యక్రమంలో చూపించి అదేరోజు నింజా గైడెన్ 2 బ్లాక్‌ని వదిలారు. అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేము తయారీ సాఫ్ట్‌వేర్ మీద కట్టిన ఈ గేము ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీ మూడింటిలోనూ దొరుకుతుంది. పేరులో బ్లాక్ అని ఉంది కదా, అసలు 2008 వెర్షన్‌నే మెరుగుపరిచారనుకుంటాం. అక్కడే తిరకాసు. దీని పునాది సిగ్మా 2. దానిమీద రక్తం తిరిగి పోసి, శత్రువుల సంఖ్యను కొంత పెంచి, మిగతా ముగ్గురు పాత్రలను ఉంచారు. అంటే ఇది 2008కి, 2009కి పుట్టిన బిడ్డ. ముఖం ఒకరిది, నడక ఇంకొకరిది.

దీన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ మధ్య ఎవరైనా కొత్తగా మొదలుపెడతానంటే నేను చూపించేది ఇదే. తెర నిండా స్పష్టత, చేతికి తక్షణ స్పందన, కష్టపడలేనివాళ్లకి హీరో ప్లే మోడ్ అని ఒక ఊరట. 2008 వెర్షన్ పిచ్చిని ముందే రుచి చూసినవాళ్లకే లోటు తెలుస్తుంది. వాళ్లు ఎక్స్‌బాక్స్‌లో పాత గేమునే ఆడుకోవచ్చు, అదీ కొత్త కన్సోళ్లలో నడుస్తుంది. రెండూ అందుబాటులో ఉన్నవాళ్లు ముందు 2 బ్లాక్ పూర్తిచేసి తర్వాత 2008ది పట్టుకోండి. తలకిందులుగా వెళ్తే కొత్తది చప్పగా అనిపిస్తుంది.

మూడింటినీ కలిపి కొనాలా?

2021 జూన్ 10న మాస్టర్ కలెక్షన్ వచ్చింది. సిగ్మా, సిగ్మా 2, రేజర్స్ ఎడ్జ్ మూడూ ఒకే మూటలో, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, స్విచ్, పీసీలకి. బ్లాక్‌ని, 2008 నాటి రెండోదాన్ని ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. వాటి డేటా ముక్కలు ముక్కలుగా మిగిలింది తప్ప పూర్తిగా లేదని టీమ్ నింజా చెప్పింది. ఇరవై ఏళ్ల కిందటి గేముని దాచుకోలేకపోయారంటే వినడానికే బాధగా ఉంటుంది. పాత ఆన్‌లైన్ మోడ్‌లు కూడా ఈ మూటలో లేవు, స్నేహితుడితో కలిసి ఆడదామని కొంటే నిరాశే. స్విచ్‌లో ఎక్కడైనా ఆడుకోవచ్చన్న సుఖం ఉంది గానీ, కంటిరెప్ప కాలంలో గార్డు పట్టాల్సిన గేము ఇది, పెద్ద కన్సోలో పీసీనో ఉంటే వాటిమీదే ఆడండి.

మూడో గేము గురించి ఎక్కువ చెప్పను. 2012లో మొదట వచ్చింది నిరుత్సాహపరిచింది. అదే ఏడాది నింటెండో వారి వీ యూ కన్సోల్‌కి, మరుసటి ఏడు మిగతావాటికి రేజర్స్ ఎడ్జ్‌గా దిద్ది తెచ్చారు. యుద్ధం బాగుపడింది, కథ పడలేదు. మాస్టర్ కలెక్షన్‌లో ఎలాగూ వస్తుంది కాబట్టి ఆడండి, దానికోసమే కొనొద్దు.

నా లెక్క ఇది: ఎక్స్‌బాక్స్ లేనివాళ్లకి మొదటి భాగానికి, అంటే సిగ్మా కోసం, మాస్టర్ కలెక్షన్, రెండో భాగానికి 2 బ్లాక్. ఈ రెండు చేతిలో ఉంటే కలెక్షన్‌లోని సిగ్మా 2 ముట్టుకోవాల్సిన పనే రాదు.

నాలుగోది వేరే ఇల్లు

నింజా గైడెన్ 4 ని టీమ్ నింజాతో కలిసి ప్లాటినమ్‌గేమ్స్ తయారుచేసింది, 2025 అక్టోబర్ 21న విడుదలైంది. ఇటగాకి కన్నుమూసిన వార్త వచ్చింది కూడా ఆ నెలలోనే. ఇందులో ప్రధాన పాత్ర ర్యూ కాదు, రేవెన్ వంశానికి చెందిన యకుమో అనే కుర్రాడు. ర్యూతో ఆడే భాగాలూ ఉన్నాయి గానీ బరువంతా కుర్రాడి భుజాలమీదే. బ్లడ్‌రేవెన్ అనే రూపం మార్పుతో ఆయుధం పెద్దదై శత్రువు గార్డుని పగలగొడుతుంది. అది ఎప్పుడు వాడాలి, ఎప్పుడు దాచుకోవాలి అన్నదే దీని ఆట. వేగం పాత గేములను మించింది. బటన్ల వాడకం కూడా అంతే, మొదటి రెండు గంటలు వేళ్లు ముడిపడతాయి.

పాతవి ఆడకుండా నేరుగా దీంట్లోకి దూకొచ్చా? దూకొచ్చు, కథ అడ్డురాదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. దీని వేగానికి అలవాటుపడ్డాక మొదటి సిగ్మాకి వెళ్తే అది ముసలిదానిలా కనిపిస్తుంది. రెండూ ఆడే ఉద్దేశం ఉంటే పాతది ముందు.

అడ్డంగా నడిచే గేములు కావాలంటే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ త్రీడీ. ఈ పేరు పుట్టింది మాత్రం టూడీలో. 1988 డిసెంబర్‌లో జపాన్‌లో నింటెండో పాత కన్సోల్ ఫామికామ్ మీద నింజా ర్యూకెన్‌డెన్‌గా వచ్చి, 1989లో అమెరికాలో నింజా గైడెన్ అయింది. యూరప్‌లో షాడో వారియర్స్ అన్నారు. సన్నివేశాల మధ్య సినిమాలా బొమ్మలతో కథ చెప్పడం అప్పటికి కొత్త సంగతి. గేము మాత్రం కర్కోటకం. దెబ్బ తగిలితే ర్యూ వెనక్కి ఎగిరిపడతాడు, సరిగ్గా గోతి అంచున ఉండగానే గద్ద వచ్చి తగులుతుంది. చంపిన శత్రువు, మనం ఒక్క అడుగు వెనక్కేస్తే మళ్లీ పుట్టుకొస్తాడు. ఆరో అంకంలో చివరి బాస్‌ల దగ్గర చస్తే ఆ అంకం మొదటికి పంపేస్తుంది. గోతి చావులంటే ఒళ్లు మండే రకమైతే దీనికి ఆమడ దూరంలో ఉండండి. చరిత్ర తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటే నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఉంది, వెనక్కి తిప్పుకునే రివైండ్ సదుపాయం వాడుకోండి. సిగ్గుపడాల్సిన పనిలేదు, ఆ గద్దలకి లేని నీతి మనకెందుకు?

అదే రుచిని ఇప్పటి కాలానికి తగ్గట్టు వండింది నింజా గైడెన్ రేజ్‌బౌండ్. 2025 జూలై 31న వచ్చింది, చేసింది స్పెయిన్‌కి చెందిన ది గేమ్ కిచెన్. ర్యూ అమెరికా వెళ్లిపోయిన సమయంలో ఊరిని కాపాడే కెంజి మోజు దీని నాయకుడు. బ్లాక్ స్పైడర్ వంశానికి చెందిన కుమోరి ఆత్మ అతనితో కలుస్తుంది, అక్కడినుంచి ఇద్దరి నైపుణ్యాలూ ఒకే శరీరంలో. శత్రువు మీద గాల్లోనే మళ్లీ బటన్ నొక్కితే ఎగిరి గెంతే గిలటిన్ బూస్ట్ అనే ఎత్తు ఉంది. అది చేతికి పడితే నేలమీద కాలు పెట్టకుండా ఒక గది మొత్తం దాటేయొచ్చు. రంగు వెలుగుతో వచ్చే శత్రువుని దానికి తగిన ఆయుధంతో కొడితే తర్వాతి దెబ్బ బలమైన శత్రువుని కూడా ఒక్క వేటుకి కూల్చేస్తుంది. అంటే దారంతా ఎవరిని ముందు కొట్టాలో చదువుకుంటూ పోవడమే. పాత గేము గద్దలను మరిచిపోలేదు గానీ, చచ్చినచోటికి దగ్గర్లోనే బతికిస్తుంది. టూడీలో ఒక్కటే కొనాలంటే నా ఓటు దీనికే.

దీనికి పోటీగా అదే ఏడాది ఆగస్టు 29న షినోబి: ఆర్ట్ ఆఫ్ వెంజెన్స్ వచ్చింది. సెగా పాత్ర జో ముసాషికి పారిస్ బృందం లిజార్డ్‌క్యూబ్ చేత్తో గీసిన బొమ్మల ప్రాణం పోసింది. చావుల కన్నా కాంబోల (వరసగా కలిపి కొట్టే దెబ్బల) మీద మోజున్నవాళ్లకి, తిరిగొచ్చి రహస్యాలు వెతుక్కునే ఓపికున్నవాళ్లకి ఇది. కష్టం రేజ్‌బౌండ్ కన్నా ఒక మెట్టు తక్కువ. నవ్వు కూడా కావాలంటే 2018 నాటి ది మెసెంజర్ చూడండి. అందులో మనం చచ్చిన ప్రతిసారీ క్వార్బుల్ అనే చిన్న దయ్యం బతికించి, దానికి కూలిగా మనం ఏరుకునే ముక్కలను కాసేపు తనే మింగేస్తుంది. అది వెక్కిరిస్తూ ఉంటే చావు కూడా సరదాగానే ఉంటుంది.

సెకిరోని ఈ గాటన కట్టొచ్చా?

కట్టకూడదని నా అభిప్రాయం, అయినా అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2019 మార్చిలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన సెకిరోలో నాయకుడు నింజాయే, కష్టమూ ఉంది. కానీ దాని తాళం వేరు. నింజా గైడెన్‌లో పక్కకు దొర్లడం, ఎగరడం, గుంపుని చెదరగొట్టడం ముఖ్యం. సెకిరోలో ఎదురుగా నిలబడి, శత్రువు కత్తి దిగే క్షణంలోనే మన కత్తి అడ్డుపెట్టి, వాడి నిలకడ దెబ్బతీయాలి. మృదంగానికి తాళం వేసినట్టు టంగ్ టంగ్ మని సాగుతుంది. వేగంగా పారిపోయే అలవాటున్నవాడు ఇందులో ఓడిపోతాడు. నింజా గైడెన్ నుంచి వచ్చిన నాకే గెనిచిరో అనే బాస్ దగ్గర చేతులు పాత అలవాటు వదలక నానా తిప్పలు పెట్టాయి.

ఇంకో పెద్ద తేడా ఉంది. ఇందులో కష్టం తగ్గించే సెట్టింగే లేదు. చిన్న శత్రువులను వందలకొద్దీ చంపి బలం పెంచుకుందామన్నా పెద్దగా లాభం లేదు, దాడి బలం పెరిగేది ముఖ్యమైన బాస్‌ల జ్ఞాపకాలతో, ప్రాణం పెరిగేది నాలుగేసి జపపూసలు పోగుచేస్తే. అంటే మీరు మెరుగుపడితే తప్ప గేము కదలదు. ఒకే బాస్‌తో రెండు రోజులు కూర్చునే మనిషైతే దీనికి మించింది లేదు. పని అలసటతో రాత్రి అరగంట ఆడేవాళ్లకి మాత్రం వద్దంటాను, ఆ అరగంటలో టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

ఏ లెవెల్‌లో మొదలుపెట్టాలి?

మొదటిసారికి మధ్యస్థంగా ఉన్నదే ఎంచుకోండి. రెండో గేములో అది పాత్ ఆఫ్ ది వారియర్. దానికి కింద అకోలైట్ ఉంది. అక్కడ ఆడితే గేము తేలిక అవుతుంది గానీ గార్డు పట్టే అలవాటు రాదు, సగంలో ఉన్నట్టుండి గోడ తగులుతుంది. 2 బ్లాక్‌లోని హీరో ప్లే మోడ్ దీనికి మినహాయింపు. ప్రాణం పోయే స్థితి వచ్చినప్పుడు అది చేయందిస్తుంది, మిగతా సమయంలో ఆట మనదే.

బ్లాక్ ఆడేవాళ్లకి ఒక హెచ్చరిక. మొదట్లోనే మూడుసార్లు చస్తే గేము నింజా డాగ్ అనే తేలిక స్థాయి ఇస్తానంటుంది. ఒప్పుకుంటే అయానే మనకి రిబ్బన్ కట్టి మరీ పంపుతుంది. అవమానించడానికే పెట్టారు దాన్ని. నేను మొదటిసారి ఒప్పుకున్నాను, రిబ్బన్‌తోనే గేము పూర్తిచేశాను, ఏమీ నష్టపోలేదు. రెండోసారి నార్మల్‌లో మొదలుపెడితే మురై రెండో ప్రయత్నంలోనే పడిపోయాడు. పైన ఉండే మాస్టర్ నింజా స్థాయి గురించి మాత్రం నన్నడక్కండి. నేనింకా నాలుగో అధ్యాయం దాటలేదు.